ఒక్క పైలట్‌తో ప్రయాణికుల విమానం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి విమానం ఎక్కాలంటే చెన్నైకో, రేణిగుంటకో, గన్నవరానికో పోక తప్పదు. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడిన ఇళ్లలో ఆ ప్రయాణం ఇప్పుడు మామూలైపోయింది. “ఇకమీదట విమానానికి ఒక్క పైలటే” అనే వార్త కొన్నాళ్లకొకసారి ఫోన్లలో తిరుగుతుంది, దాని వెంటనే అవే సందేహాలు మళ్లీ వస్తాయి. అడిగినవారి మాటల్లోనే వాటిని ఇక్కడ చేర్చి, ప్రయాణం సాగే వరుసలో పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు.

## టికెట్ కొనకముందు

ఒక్క పైలట్‌తో నడిచే విమానాలు వచ్చేశాయంటున్నారు, నిజమేనా?

మనం టికెట్ కొని ఎక్కే ఎయిర్‌లైన్ విమానాల్లో రాలేదు. కాక్‌పిట్‌లో ఇద్దరు ఉంటేనే అవి కదులుతాయి. అమెరికాలో ఎయిర్‌లైన్ విమానానికి కనీసం ఇద్దరు పైలట్లు ఉండాలని నిబంధనలోనే రాసి ఉంది. వార్తల్లో వినిపించేవి రెండు వేర్వేరు ప్రతిపాదనలు. మొదటిదాని ప్రకారం, దూరప్రయాణపు విమానం పైకి చేరి స్థిరంగా ఎగిరే గంటల్లో మాత్రం ఒక్క పైలట్ సీట్లో ఉంటాడు, రెండో పైలట్ వెనక పడుకుంటాడు, దిగే సమయానికి మళ్లీ ఇద్దరూ కూర్చుంటారు. రెండోదాని ప్రకారం విమానంలో మొదటి నుంచి చివరి దాకా ఉండేదే ఒక్క పైలట్. పత్రికలు ఈ రెండింటినీ కలిపి రాయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

చిన్న విమానాలను ఒక్కరే నడుపుతారు గదా, పెద్దవాటికి మాత్రం ఎందుకు కుదరదు?

సెస్నా కారవాన్, పిలాటస్ పీసీ-12, కింగ్ ఎయిర్ వంటి విమానాలకు ఒక్క పైలట్‌తో నడపడానికి ధ్రువీకరణ ఉన్న మాట నిజమే. అమెరికాలో తొమ్మిది లేదా అంతకంటే తక్కువ ప్రయాణికుల సీట్లున్న కొన్ని కిరాయి విమానాల్లో, పనిచేసే ఆటోపైలట్ ఉంటే రెండో పైలట్ లేకుండా ఎగరడానికి కూడా అనుమతి ఉంది. అయితే ఆ అనుమతి వెనుక ఉన్నది తక్కువ మంది ప్రయాణికులు, తక్కువ వేగం, తక్కువ సంక్లిష్టత అనే లెక్క. నూటఎనభై మందిని ఎక్కించుకుని గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోయే విమానానికి సమాజం కోరే భద్రతా ప్రమాణం వేరు. చిన్న విమానంలో ఒప్పుకున్న ప్రమాదాన్ని పెద్ద విమానానికి మోసుకురావడం వాదన కాదు.

బస్సుకు ఒక్క డ్రైవరే ఉంటాడు, విమానానికి ఇద్దరెందుకు?

హైదరాబాద్ పోయే రాత్రి బస్సులో ఇద్దరు డ్రైవర్లుంటే, ఒకరు నడిపేటప్పుడు రెండోవారు పడుకుంటారు. అక్కడ రెండో మనిషి మారు మనిషి మాత్రమే. కాక్‌పిట్‌లో ఇద్దరూ ఒకే సమయంలో మేలుకుని, ఒకే విమానం మీద, వేర్వేరు పనులు చేస్తారు. ఒకరు విమానాన్ని నడుపుతారు. రెండోవారు రేడియోలో మాట్లాడతారు, చెక్‌లిస్టు చదువుతారు, అన్నిటికంటే ముఖ్యంగా మొదటివారు చేసే ప్రతి పనినీ గమనించి తేడా కనబడితే వెంటనే నోరు విప్పుతారు. కెప్టెన్ అయినా కో-పైలట్ అయినా ఒక్కో ప్రయాణంలో ఈ రెండు పాత్రల్లో దేన్నైనా తీసుకోవచ్చు. అందుచేత “రెండో పైలట్‌ను తీసేద్దాం” అనే మాటకు అసలు అర్థం, తప్పును అక్కడికక్కడే పట్టే మనిషిని తీసేద్దాం అని.

వెనకటికి కాక్‌పిట్‌లో ఐదుగురు ఉండేవాళ్లట, ఇద్దరికి తగ్గినా ఏమీ కాలేదు గదా?

ఒక్క పైలట్‌ను సమర్థించేవారు చూపే బలమైన ఆధారం ఇదే గనుక దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. ఒకప్పుడు ఇద్దరు పైలట్లతో పాటు దారి లెక్కకట్టే నావిగేటర్, రేడియో ఆపరేటర్, ఇంజిన్లనూ ఇంధనాన్నీ చూసుకునే ఫ్లైట్ ఇంజినీర్ ఉండేవారు. రేడియోలు మెరుగుపడ్డాక రేడియో ఆపరేటర్, దారి తెలిపే పరికరాలు వచ్చాక నావిగేటర్ వెళ్లిపోయారు. ఫ్లైట్ ఇంజినీర్ విషయంలో మాత్రం పెద్ద వివాదమే నడిచింది. అమెరికా అధ్యక్షుడు నియమించిన కార్యదళం 1981లో ఇద్దరితో నడిపే కొత్త జెట్ విమానాలు సురక్షితమేనని తేల్చాకే అది సద్దుమణిగింది. ముగ్గురితో నడిచిన బోయింగ్ 747, 1989లో సేవలోకి వచ్చిన 747-400 రకంతో ఇద్దరికి దిగింది.

ఆ తగ్గింపులన్నిటిలో పోయినవాడు ఒక పరికరానికో ఒక పనికో కట్టుబడిన మనిషి, ఆ పనిని యంత్రం అంతకంటే బాగా చేయగలిగింది. ఐదు నుంచి రెండుకు వచ్చేదాకా, ఒకరి తప్పును మరొకరు పట్టే ఏర్పాటు ఎప్పుడూ చెక్కుచెదరలేదు. రెండు నుంచి ఒకటికి దిగడం అదే మెట్ల వరుసలో తర్వాతి మెట్టులా కనబడుతుంది గానీ, అక్కడ పోయేది ఒక పని కాదు, ఆ ఏర్పాటే.

కంపెనీలకు ఇందులో ఏం లాభం?

డబ్బు, మనుషుల కొరత. పద్నాలుగు, పదిహేను గంటల ప్రయాణానికి నియమాల ప్రకారం ముగ్గురో నలుగురో పైలట్లను పంపాలి. వారి జీతాలు, హోటళ్లు, శిక్షణ కలిస్తే పెద్ద ఖర్చే. ఆ ఖర్చును తగ్గించుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. కానీ లాభం విషయాన్ని పక్కన పెట్టి, కేవలం భద్రత కోసమే ఈ మార్పు అన్నట్లు రాసే వార్తలను కాస్త అనుమానంగా చదవడమే మంచిది.

## టేకాఫ్ సమయంలో

టేకాఫ్ అంతా కంప్యూటరే చేస్తుందంటారు, ఇక ఇద్దరు కూర్చుని చేసేదేముంది?

ఇప్పుడు మనం ఎక్కే విమానాల్లో టేకాఫ్‌ను చేత్తోనే చేస్తారు. నేల విడిచాకే ఆటోపైలట్‌ను కలుపుతారు. ఎయిర్‌బస్ సంస్థ 2019 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఎ350 విమానాన్ని కెమెరాల సాయంతో తనంతట తానుగా టేకాఫ్ చేయించి చూసింది. అది ప్రయోగం, ఆనాడు కూడా లోపల పైలట్లు ఉన్నారు.

రన్‌వే మీద పరుగు మొదలయ్యాక లోపల జరిగేది ఇది. నడిపే పైలట్ చూపు ఎక్కువగా బయట, రన్‌వే మధ్య గీత మీద ఉంటుంది. రెండో పైలట్ చూపు వేగం చూపే పట్టీ మీద, ఇంజిన్ అంకెల మీద ఉంటుంది. ఎయిర్‌బస్‌లో అయితే వేగం వంద నాట్లకు (విమాన వేగపు కొలత) చేరగానే అతడు “వన్ హండ్రెడ్” అంటాడు, నడిపేవాడు తన ముందున్న పట్టీ కూడా అదే చూపుతోందని నిర్ధారించుకుని “చెక్డ్” అంటాడు. ఆ ఒక్క మాటలో రెండు వేగమాపకాలు సరిపోలాయా, పక్కవాడు స్పృహలో ఉన్నాడా అనే రెండు పరీక్షలు పూర్తవుతాయి. తర్వాత “వీ వన్”. ఆ వేగం దాటితే ఇక ఆగడానికి లేదు గనుక అప్పటిదాకా ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్ల మీద ఉన్న కెప్టెన్ చెయ్యి పక్కకు వచ్చేస్తుంది. ఆ తర్వాత “రొటేట్” అనగానే ముక్కు లేస్తుంది. విమానం పైకి పోతున్నట్లు పరికరాలు చూపాకే చక్రాలు లోపలికి తీస్తారు. ఇదంతా నిమిషంలోపు తతంగం. మాట రావలసిన చోట మౌనం వినిపిస్తే ఏదో తేడా ఉందని వెంటనే తెలిసిపోయేలా దీన్ని కట్టారు.

లేచిన వెంటనే ఇంజిన్ పోతే ఒక్కడు చాలడా?

ఒక ఇంజిన్ పోతే విమానం ఎగరగలదు, పైలట్లు సిమ్యులేటర్‌లో దాన్ని పదేపదే సాధన చేస్తారు. చిక్కంతా పనులన్నీ ఒక్కసారిగా మీద పడడంలో ఉంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయినప్పుడు విమానాన్ని నడుపుతున్నది కో-పైలట్ జెఫ్ స్కైల్స్. కెప్టెన్ సలెన్‌బర్గర్ వెంటనే నియంత్రణ తీసుకుని ఎక్కడ దింపాలో చూసుకుంటుండగా, స్కైల్స్ ఇంజిన్లను తిరిగి రగిలించే చెక్‌లిస్టు పట్టుకున్నాడు. హడ్సన్ నదిలో దిగడానికి వారికి దొరికింది సుమారు మూడున్నర నిమిషాలే. విమానంలోని 155 మందీ బతికారు. ఆ మూడున్నర నిమిషాల్లో చెక్‌లిస్టు చదవడం, రేడియోలో మాట్లాడడం, దిగే చోటు వెతకడం, విమానాన్ని సమంగా ఉంచడం అన్నీ ఒక్క మనిషి నెత్తిన పడితే వాటిలో ఏదో ఒకటి వదిలేయక తప్పేది కాదు.

## పైన స్థిరంగా ఎగిరేటప్పుడు

పైకి వెళ్లాక పనేమీ ఉండదు గదా, ఒకరు పడుకుంటే తప్పేంటి?

చాలా ప్రయాణాల్లో పెద్ద పని ఉండని మాట నిజం. కానీ ఎప్పుడు పని పడుతుందో విమానం ముందే చెప్పదు. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్ మీద స్థిరంగా ఎగురుతుండగా, వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు చేరి ఆటోపైలట్ విడిపోయింది. కెప్టెన్ అప్పటికే విశ్రాంతికి వెళ్లాడు, సీట్లలో ఉన్నది ఇద్దరు కో-పైలట్లు. సుమారు నిమిషంన్నర తర్వాత కెప్టెన్ లోపలికి వచ్చేసరికి విమానం స్టాల్‌లో పడి, అంటే రెక్కలు ఇక మోయలేని స్థితికి చేరి, వేగంగా కిందికి జారుతోంది; పరిస్థితి ఏమిటో అతడికి అందలేదు. ఆటోపైలట్ విడిపోయిన క్షణం నుంచి సముద్రంలో పడేదాకా నాలుగున్నర నిమిషాలు కూడా లేవు. 228 మంది చనిపోయారు.

ఇద్దరున్నా అది జరిగింది గదా అని అడగవచ్చు. నేను ఇక్కడ గమనించమంటున్నది వేరే విషయం: విశ్రాంతి నుంచి వచ్చిన మనిషికి ఆ క్షణంలో జరుగుతున్నదాన్ని పోల్చుకోవడానికి సమయం చాలదు. గాఢ నిద్రలోంచి లేచినవారికి బుర్ర పూర్తిగా పదునెక్కడానికి పావుగంట నుంచి అరగంట పట్టవచ్చు. పడుకున్న పైలట్‌ను పిలిస్తే చాలు వచ్చేస్తాడనే ప్రతిపాదన ఈ వ్యవధిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు కూడా అమెరికా విమానాల్లో పైలట్లు పడుకుంటారు గదా?

పడుకుంటారు, అయితే అదనపు పైలట్లు ఉన్నందువల్ల. ముగ్గురు లేదా నలుగురు వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటారు, ఒకరు పడక మీద ఉన్నా సీట్లలో ఇద్దరు ఉంటారు.

పైలట్ బాత్రూంకు పోతే అప్పుడు ఒక్కడే గదా మిగిలేది?

అవును, ఆ కొద్ది నిమిషాలే ఇప్పటి విమానాల్లో ఒక్క పైలట్ ఉండే సమయం. మన దేశంలో అలాంటప్పుడు క్యాబిన్ సిబ్బందిలో ఒకరు కాక్‌పిట్‌లోకి వెళ్లి, పైలట్ తిరిగి వచ్చేదాకా అక్కడ ఉంటారు. ఆ మనిషి విమానాన్ని నడపలేకపోయినా, పైలట్ కుప్పకూలితే చూడగలరు, తలుపు తీయగలరు.

దీని విలువ 2024 ఫిబ్రవరి 17న తెలిసింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్పెయిన్‌లోని సెవిల్‌కు పోతున్న లుఫ్తాన్సా ఎ321లో కెప్టెన్ బాత్రూంకు వెళ్లినప్పుడు కాక్‌పిట్‌లో ఒంటరిగా ఉన్న కో-పైలట్ స్పృహ తప్పాడు. కెప్టెన్ తిరిగి వచ్చి తలుపు పక్కనున్న మీటల పలకపై మామూలు కోడ్ కొట్టాడు, లోపల బజర్ మోగినా జవాబు లేదు. మళ్లీ మళ్లీ కొట్టాడు. క్యాబిన్ సిబ్బంది ఫోన్ చేశారు, ఎవరూ తీయలేదు. చివరికి అత్యవసర కోడ్ కొట్టాడు, అది కొంత వ్యవధి తర్వాతే తలుపు తెరుస్తుంది. ఆ వ్యవధి ముగిసేలోపు కో-పైలట్ అంత బాధలోనూ లేచి తలుపు తీశాడు. దాదాపు పది నిమిషాలపాటు 205 మంది ఉన్న విమానాన్ని ఎవరూ చూసుకోలేదు. ఆటోపైలట్ ఉండడం వల్ల అది దారి తప్పలేదు. కెప్టెన్ దాన్ని మాడ్రిడ్‌లో దింపాడు. యంత్రం పది నిమిషాలు కాచిందన్నది నిజమే. దింపడానికి మాత్రం తలుపు అవతలి మనిషే కావలసివచ్చాడు.

ఒక్కడే లోపల ఉండి తలుపు బిగించుకుని ఏమైనా చేస్తే?

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో సరిగ్గా అదే జరిగింది. కెప్టెన్ బయటికి రాగానే కో-పైలట్ తలుపు తెరుచుకోకుండా చేసి, విమానాన్ని ఆల్ప్స్ కొండలకు గుద్దాడు. 150 మంది మరణించారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత బయటివారు రాకుండా గట్టిపరిచిన తలుపే ఆ రోజు కెప్టెన్‌ను బయట నిలబెట్టింది. ఒక్క పైలట్ విధానం వస్తే ఇలాంటి ఒంటరితనం కొద్ది నిమిషాలకు బదులు గంటల తరబడి ఉంటుంది.

## ఒంట్లో బాగాలేనప్పుడు

పైలట్లకు అన్ని మెడికల్ టెస్టులు చేస్తారు గదా, మరి గుండెపోటు భయం ఎందుకు?

పరీక్షలు ప్రమాదాన్ని తగ్గిస్తాయి, తీసేయలేవు. అసలు ఎంత ఆరోగ్యం చాలు అనే కొలతే ఇద్దరు పైలట్లు ఉంటారనే ఊహ మీద కట్టినది. విమాన వైద్యులు దాన్ని ఒక శాతం నియమం అంటారు: ఏడాదిలో హఠాత్తుగా పనికిరాకుండా పోయే అవకాశం ఒక శాతం మించని పైలట్‌ను ఎగరనివ్వవచ్చు. లెక్క ఇలా సాగుతుంది. ఏడాదికి 8,760 గంటలు, అంటే దగ్గరదగ్గర పదివేలు. ఏడాదికి ఒక శాతం అంటే గంటకు పది లక్షల్లో ఒక వంతు. టేకాఫ్, ల్యాండింగ్ వంటి కీలక సమయం ప్రయాణంలో పదో వంతు అనుకుంటే, ఆ సమయంలోనే పైలట్ కూలే అవకాశం కోటిలో ఒకటి. అప్పుడు కూడా నూటికి తొంభైతొమ్మిది సార్లు రెండో పైలట్ విమానాన్ని కాపాడతాడు గనుక, ఈ కారణంతో ప్రమాదం జరిగే అవకాశం గంటకు వంద కోట్లలో ఒకటికి దిగుతుంది.

రెండో పైలట్‌ను తీసేస్తే, అతడి స్థానంలో నమ్మదగిన యంత్రం లేకపోతే, చివరి మెట్టే కాదు దాని ముందు మెట్టు కూడా కూలుతుంది. పైలట్ ఎప్పుడు కూలినా ప్రమాదమే గనుక మళ్లీ పది లక్షల్లో ఒకటి దగ్గర నిలబడతాం. అంటే వెయ్యి రెట్లు ఎక్కువ. ప్రపంచమంతటా విమానాలు ఎగిరే గంటలు ఏటా కోట్లలో ఉంటాయి గనుక ఆ తేడా కాగితం మీది తేడా కాదు.

అంతర్జాతీయ నియమాలకు ఇది ముందే తెలుసు. అంతర్జాతీయ వాణిజ్య ప్రయాణంలో ఒక్కడే నడిపే పైలట్‌కు వయోపరిమితి 60 ఏళ్లు, తోడు పైలట్ ఉంటే 65. నలభై దాటి, ఒంటరిగా ప్రయాణికులను తీసుకుపోయే పైలట్‌కు వైద్య ధ్రువపత్రం గడువు ఏడాది కాదు, ఆరు నెలలే.

నిజంగానే ప్రయాణంలో పైలట్ చనిపోయిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. 2015 అక్టోబరులో ఫీనిక్స్ నుంచి బోస్టన్ పోతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ దారిలో చనిపోతే కో-పైలట్ విమానాన్ని సిరక్యూస్‌లో దింపాడు. 2024 అక్టోబరులో సియాటిల్ నుంచి ఇస్తాంబుల్ పోతున్న టర్కిష్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ కుప్పకూలినప్పుడు మిగతా పైలట్లు న్యూయార్క్‌లో దింపారు. ఇలాంటివి అరుదు. జరిగినప్పుడు అవి ఒక రోజు వార్తగా ముగిసిపోవడానికి కారణం పక్క సీట్లో మనిషి ఉండడమే.

ఇద్దరికీ ఒకేసారి బాగాలేకపోతే మాత్రం?

2005 ఆగస్టు 14న గ్రీస్‌లో హీలియోస్ విమానంలో గాలి పీడనం నిలవక ఇద్దరు పైలట్లూ స్పృహ కోల్పోయారు, 121 మంది మరణించారు. ముప్పైఐదు వేల అడుగుల ఎత్తులో ఆక్సిజన్ లేకుండా మనిషి తెలివిగా ఉండగలిగేది అర నిమిషం నుంచి నిమిషం దాకానే. అందుకే కాక్‌పిట్ మాస్కును ఒంటి చేత్తో ఐదు సెకన్లలో తగిలించుకునేలా తయారుచేస్తారు. ఎ350లో పీడనం పడిపోతే విమానం తనంతట తానే కిందికి దిగే ఏర్పాటు ఉంది. ఇలాంటి యంత్రసాయం ఇద్దరు పైలట్లకు తోడుగా రావాలనడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే ఉంది గదా, అలాంటప్పుడు అక్కడ దింపవచ్చు గదా?

ఈ ప్రశ్న మన వైపు వాళ్లే అడుగుతారు, అడగడం సహజమే. ఉమ్మడి ప్రకాశం జిల్లా కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద కట్టిన 4.1 కిలోమీటర్ల పట్టీ వైమానిక దళం అత్యవసర అవసరాల కోసం. 2024 మార్చి 18న వైమానిక దళం తన విమానాలతో అక్కడ విన్యాసాలు జరిపింది. దాని వెడల్పు 33 మీటర్లు. పెద్ద జెట్ విమానాలు మామూలుగా దిగే రన్‌వేలు 45 మీటర్లు ఉంటాయి. పైగా ముందు లారీలను ఆపాలి, పట్టీని శుభ్రం చేయాలి, అగ్నిమాపక దళాన్ని రప్పించాలి. పైలట్‌కు బాగాలేనప్పుడు విమానానికి ఏ లోపమూ ఉండదు. దానికి కావలసింది దారి చూపే రేడియో కిరణం, డాక్టరు, అంబులెన్సు ఉన్న విమానాశ్రయం. మన మీదుగా పోయే విమానానికి చెన్నై గానీ, తిరుపతి గానీ, విజయవాడ గానీ నిమిషాల దూరమే.

## దిగేటప్పుడు

విమానం తనంతట తానే దిగగలదంటారు, ఇక పైలట్‌తో పనేముంది?

దిగగలదు, షరతుల మీద. రన్‌వేకు తగిన స్థాయి ఐఎల్‌ఎస్ పరికరాలు, అంటే రేడియో కిరణాలతో దిగే దారి చూపేవి, ఉండాలి, విమానానికి ఆ ధ్రువీకరణ ఉండాలి, పైలట్లకు శిక్షణ ఉండాలి, అడ్డగాలి పరిమితి దాటకూడదు. దట్టమైన పొగమంచులో ఈ పద్ధతి వాడతారు, ఆ సమయంలో పైలట్లు మరింత జాగ్రత్తగా కాచుకుని ఉంటారు.

చిన్న విమానాల కోసం గార్మిన్ అనే సంస్థ తయారుచేసిన ఆటోల్యాండ్‌కు 2020లో అనుమతి వచ్చింది. పైలట్ పడిపోతే ప్రయాణికుడు ఒక మీట నొక్కితే చాలు, అదే విమానాశ్రయాన్ని ఎంచుకుని, రేడియోలో చెప్పి, దించి, ఇంజిన్ ఆపుతుంది. మెచ్చుకోదగిన పనితనమే. ఎ350 మీద ఇలాంటి అత్యవసర దారిమళ్లింపును ఎయిర్‌బస్ డ్రాగన్‌ఫ్లై అనే పేరుతో ప్రయోగించింది, 2023 జనవరిలో ఆ సంగతి ప్రకటించింది. అయితే వేరే దిక్కు లేనప్పుడు ఆదుకునే యంత్రం ఒకటి, రోజూ దాన్ని నమ్ముకుని మనిషిని తగ్గించడం ఇంకొకటి. మొదటిది భద్రతను పెంచుతుంది. రెండోది పెరిగిన ఆ భద్రతను ఖర్చు తగ్గించుకోవడానికి వాడేసుకుంటుంది.

ఇద్దరున్నా మంగళూరులో ప్రమాదం జరిగింది గదా, రెండో మనిషి ఏం ఒరగబెట్టాడు?

కటువైన ప్రశ్న, కానీ న్యాయమైనది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు, ఎనిమిది మందే బయటపడ్డారు. దారిలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయినట్లు కాక్‌పిట్ రికార్డింగులో తేలింది. విమానం ఎక్కువ ఎత్తులోంచి దిగుతోందని కో-పైలట్ గ్రహించి, దిగకుండా తిరిగి పైకి లేపుదామని ఒకటికి మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు.

అంటే ఆ రోజు తప్పును పట్టే మనిషి ఉన్నాడు, పట్టాడు కూడా. అతడి మాటకు బలం లేకపోయింది. దీనికి మందు చిన్నవాడి మాటకు విలువిచ్చే శిక్షణ. 1977లో టెనెరిఫేలో రెండు జంబోలు ఢీకొన్నాక, 1978లో పోర్ట్‌లాండ్ దగ్గర ఇంధనం అయిపోయి ఒక విమానం కూలాక ఆ శిక్షణ రూపు దిద్దుకుంది. మాట వినని చోట మాట్లాడే మనిషినే తీసేస్తే జబ్బు కుదరదు.

## నేల మీది నుంచి

కింద ఆఫీసులో కూర్చుని ఇంకో పైలట్ చూసుకుంటే సరిపోదా?

నాసా పరిశోధకులు ఈ ఆలోచనను సిమ్యులేటర్లలో ఏళ్ల తరబడి పరీక్షించారు. పైలట్ లేకుండా సెస్నా కారవాన్‌ను దూరం నుంచి పర్యవేక్షిస్తూ ఎగరేసిన సంస్థ కూడా 2023లో అమెరికాలో కనబడింది. ప్రయాణికుల విమానానికి వచ్చేసరికి మూడు చిక్కులు ఎదురవుతాయి. ఉపగ్రహం మీదుగా వచ్చే సంకేతం ఆలస్యం కావచ్చు, తెగిపోవచ్చు. కింద ఉన్నవారికి కుదుపు తెలియదు, కాలిన వాసన తెలియదు, పక్కవాడి ముఖం కనబడదు. ఖర్చు మిగలాలంటే కింద ఒక్కరే అనేక విమానాలను చూడాలి. తుపాను రోజున ఆ విమానాలన్నీ ఒకేసారి పిలిస్తే ఎవరికి ముందు జవాబివ్వాలో తేల్చుకోవలసివస్తుంది. మన తీరంలో తుపాను రోజులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు.

హ్యాక్ చేస్తే?

కింది నుంచి విమానాన్ని నడపగలిగే దారి ఉంటే, ఆ దారిలో దొంగ చొరబడే అవకాశాన్ని కూడా కాయాలి. ఇప్పటి విమానాల్లో బయటి నుంచి నియంత్రణ తీసుకునే అలాంటి దారి లేదు.

## నియమాలు, రేపటి సంగతి

యూరప్ వాళ్లు ఒప్పుకున్నారా?

ఒప్పుకోలేదు. యూరప్ విమాన భద్రతా సంస్థ ఈ ప్రతిపాదనపై చేయించిన అధ్యయనం 2025లో ముగిసింది. ఇప్పుడున్న కాక్‌పిట్‌లతో, స్థిరంగా ఎగిరే సమయంలో మాత్రమే ఒక్కరిని ఉంచినా ఇద్దరున్నప్పటి భద్రతకు సమానమని చూపలేమని అది తేల్చింది. పైలట్ పనికిరాకుండా పోయినట్లు యంత్రం గుర్తించడం, కునుకు, నిద్రమబ్బు, ఒకరి పనిని మరొకరు సరిచూడడం, చివరికి బాత్రూం అవసరం కూడా అందులో చర్చకు వచ్చాయి. పైలట్ సంఘాలు మొదటి నుంచి చెబుతున్నవి ఇవే.

నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయం వస్తే అక్కడికి చిన్న విమానాలు ఒక్క పైలట్‌తో వస్తాయా?

పైలట్ల సంఖ్యను విమానాశ్రయం నిర్ణయించదు. చిన్న ఊళ్లకు తిరిగే డెబ్బై సీట్ల ఏటీఆర్ విమానాన్ని కూడా ఇద్దరే నడుపుతారు.

మా వాడు ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు, పైలట్ కోర్సుకు అంత డబ్బు పోస్తే రేపు ఉద్యోగాలుండవా?

ఒక్క పైలట్ భయంతో మానుకోవలసిన అవసరం కనబడదు. ఇవాళ ఎయిర్‌లైన్లకు చేరుతున్న విమానాలు ఇద్దరి కోసం కట్టినవి, అవి ఇరవై ఏళ్లకు పైగా ఎగురుతాయి. ఇంకో సంగతి: వాణిజ్య పైలట్ లైసెన్సు 200 గంటల అనుభవంతో వస్తుంది. అంత తక్కువ అనుభవం ఉన్న కుర్రవాడు కెప్టెన్ కావడానికి నేర్చుకునే చోటు కో-పైలట్ కూర్చునే కుడి సీటే. వేల గంటలపాటు పెద్దవాడి పక్కన కూర్చుని, వానలో దిగడం, దారి మళ్లించడం, వద్దని చెప్పడం అక్కడే నేర్చుకుంటాడు. ఆ సీటును తీసేస్తే రేపటి కెప్టెన్లు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు ఒక్క పైలట్‌ను సమర్థించేవారి దగ్గర గట్టి జవాబు నాకు ఎక్కడా కనబడలేదు. మీరు నిజంగా లెక్క చూసుకోవలసినవి కోర్సు ఖర్చు, అప్పు వడ్డీ, లైసెన్సు వచ్చాక ఉద్యోగం దొరికేదాకా పట్టే కాలం. డబ్బు కట్టేముందే మొదటి తరగతి వైద్య పరీక్ష చేయించుకోండి.

మేము ఎక్కే విమానంలో ఎంతమంది పైలట్లున్నారో తెలుసుకునేదెలా?

ఎయిర్‌లైన్ విమానమైతే అడగనక్కర్లేదు, ఇద్దరు ఉంటారు. బయల్దేరేముందు చేసే ప్రకటనలో కెప్టెన్ పేరు, చాలాసార్లు కో-పైలట్ పేరు కూడా చెబుతారు. పెళ్లికో, తీర్థయాత్రకో, రోగిని తీసుకుపోవడానికో చిన్న విమానాన్ని గానీ హెలికాప్టర్‌ను గానీ కిరాయికి మాట్లాడుకునేటప్పుడు మాత్రం తప్పక అడగండి: పైలట్లు ఒకరా, ఇద్దరా, రాత్రి గానీ మబ్బులో గానీ ఎగరవలసివస్తే ఇద్దరిని పంపుతారా, వాతావరణం బాగాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా, లేక మరో రోజుకు మారుస్తారా. జవాబును కాగితం మీద రాయించుకోండి.